రసీదు పుస్తకం

ఉదయగిరి దుర్గం కింద మా వీధి,
పొద్దున్నే బాడిసెలు లేచే వీధి.
నర్ది కర్రయితే గరిటెలకి,
బిక్కి అయితే పిల్లల చెంచాలకి.
చీకట్లో కూడా వాసన చూసి చెప్పేవాడు మా నాయన.
ఆ ముక్కుతోనే పోయి ఒకనాడు
లోయలో మిగిలిన ఒక్క నర్ది మోడునీ
వేళ్లతో సహా పెళ్లగించుకొచ్చాడు.
ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఉడికింది.
ఇది దాచి మిగతాది చెప్పలేను.

తర్వాత కొండ మొహాన కంకర తేలింది.
వాన ఎర్రగా దిగొచ్చి
మట్టి మా గడపల్లో పారేసి
నీళ్లు మాత్రం ఎటో పట్టుకుపోయేది.
చిల్లచెట్లొచ్చాయి,
వాటెనక బొగ్గుల బట్టీలొచ్చాయి,
బట్టీల వెనక దగ్గొచ్చింది.
ప్లాస్టిక్ గరిటె పది రూపాయలకొచ్చింది.

దర్గా అరుగు మీద ముప్ఫై రెండిళ్లూ కూచున్నాం.
ఆరువందల గుంతలు తవ్వాం.
స్వాతి కార్తె చినుకు చూసి నాటాం.
ఎండలు ముదిరేసరికి నలభై ఒకటి.

పది చదివానని రాసే పని నాకిచ్చారు.
బతికినవి రాశాను.
తిరపమ్మవ్వ తొంగి చూసి,
"చచ్చినవో?" అంది.
"అవెందుకవ్వా?"
"పుట్టినోళ్లనే రాస్తే అది ఆఫీసు కాగితం.
పోయినోళ్లని కూడా రాస్తేనే గదమ్మే, ఇల్లు."
ఐదువందల యాభై తొమ్మిది గీతలు గీశాను.
పెన్ను రెండుసార్లు ఆగింది.

మాలకొండయ్యకి నూట ఇరవై మేకలు.
"మీ మొక్కకి నోరు లేదు, నా మేకకుంది" అన్నాడు.
నాలుగు రాత్రుళ్లు అరుచుకున్నాం.
ఐదో రాత్రి కంచె వేశాం,
ముళ్లది కాదు, మాటది.
ఐదేళ్లు ఈ వాలు మీదకి మేక రాదు,
ఈ వాలు మీది గడ్డి ఆయన దొడ్డికి పోతుంది,
ఇంటికో మోపు, వంతుల మీద.
మా వంతు శుక్రవారం.
జ్వరమొచ్చిన శుక్రవారం కూడా.

నాలుగో ఏడు పెద్ద ఆర్డరొచ్చింది,
కర్ర చాల్లేదు.
నడిరాత్రి పెరట్లో బాడిసె చప్పుడు.
ఎండిన కర్ర ఖంగుమంటుంది,
పచ్చి కర్ర గొంతు మింగుతుంది.
గరిటెలు చెక్కే ఇంట్లో పుట్టినదాన్ని,
నాకు తెలియకుండా ఎట్లా ఉంటది?

తెల్లారి రసీదు రాశాను.
పేరు: కాలేషా.
వివరం: నర్ది కొమ్మ ఒకటి, చేతి లావు.
జరిమానా: ఐదువందలు.
సంతకం: ఖాజాబీ, ఆయన భార్య.
తొమ్మిది రోజులు మా ఆయన
గోడతో మాట్లాడాడు, కూరలో ఉప్పు లేదని కూడా గోడకే చెప్పాడు.
పదోనాడు పేడముద్ద తట్టలో పెట్టుకుని
ఒక్కడే కొండెక్కాడు.
నరికిన చోట మెత్తి వచ్చాడు.
చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాను.

కొండంతా పచ్చబడిందని అనను.
పై సగం ఇంకా బట్టతలే.
కానీ నిరుడు వాన మట్టి తేలేదు,
ఆలస్యంగా, తేటగా, సణుగుతూ దిగింది.
పేడ మెత్తిన చోట మూడు కొమ్మలు లేచాయి.
ఎనిమిదో ఏట అందరం కూచుని
వాటిలో ఒకటి కొయ్యొచ్చని చేతులెత్తాం.

కాలేషా చెక్కింది గరిటె కాదు,
సంగటి కెలికే తెడ్డు,
మాలకొండయ్యకి.
ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి,
"మేకలకి చూపించొస్తా" అని పోయాడు.
నవ్వాడో లేదో మీసాల్లో తెలీలేదు.

మిగిలిన చెక్కపేళ్లు ఒళ్లో పోసుకుని వాసన చూశాను.
మా నాయన ముక్కు నా మొహాన ఉంది.
పుస్తకం తెరిచి
ఒక రసీదు ఆయన పేరు మీద రాశాను.
తేదీ: గుర్తు లేదు.
వివరం: మోడు ఒకటి, నర్ది, వేళ్లతో.
జరిమానా గడిలో అంకె వెయ్యలేకపోయాను.
వాయిదాల మీద, అని రాశాను,
ఏటా స్వాతి కార్తెలో
కూతురు కట్టును.